తప్పెటకు పద్దు ఏది?

ఏటా బడ్జెట్ సమావేశాలు వస్తాయి, పోతాయి. రోడ్లకు ఇంత, కాలువలకు ఇంత, జీతాలకు ఇంత అని మంత్రిగారు గంటల తరబడి చదువుతారు. సభ్యులు బల్లలు చరుస్తారు. ఆ లెక్కల పుస్తకాల్లో 2205 అని ఒక నెంబరు ఉంటుంది. ‘కళలు, సంస్కృతి’ అని దాని పేరు. ఏ శాఖ పద్దులోనైనా 789 అని ఇంకో చిన్న నెంబరు కనపడితే అది ఎస్సీల వాటా అని అర్థం. 2205 కింద 789లో ఎంత రాసినారు? రాసినదాంట్లో ఎంత ఖర్చు పెట్టినారు? అందులో కర్నూలు జిల్లాకు ఎంత వచ్చింది? ఆలూరు, ఆస్పరి, చిప్పగిరి, దేవనకొండ, హాలహర్వి, హొళగుంద మండలాల్లో తప్పెట పట్టిన ఎన్ని చేతులకు అది అందింది? ఈ ప్రశ్నలను మన శాసనసభ్యుని చేత సభలో అడిగించాలి. ఈ పక్షం ఈ పత్రిక చెప్పదలచుకున్నది అదే.

ఈ మాట ఎత్తగానే ముందు మనవాళ్ళే అడ్డం తగులుతారు. హాలహర్వి దిక్కు ఒక గేరిలో కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన ముఖం మీదే అడిగినాడు. “ఏంది సార్, తాగనీకి నీళ్ళు లేవు. పిల్లోళ్ళను చంకనేసుకుని సుగ్గికి పోతాండాం. నువ్వొచ్చి తప్పెటకు దుడ్లు అడుగుదామంటావు. కడుపు నిండినోని మాట గదా ఇది?”

ఆ పెద్దాయన మాటను తీసి పారేయడానికి లేదు. వాన తప్పిందంటే గేరికి గేరే గుంటూరు మిరప చేలకో బెంగుళూరు కట్టడాలకో పోతుంది. తలుపులకు తాళాలు, బళ్ళో హాజరు పట్టీ నిండా సున్నాలు. నీళ్ళు అడగొద్దని, పని అడగొద్దని ఎవరూ అనడం లేదు. వేదవతి నీళ్ళ కోసం ఎన్ని ధర్నాలైనా చేయాల్సిందే. అయితే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. నీళ్ళకు రాసిన పైసలు వేరు, కళలకు రాసిన పైసలు వేరు. కళల పద్దులో మన వాటా మనం అడగనంత మాత్రాన ఆ పైసలు మన గేరిలో బోరింగు అయి లేవవు. అవి ఏ పట్నంలోనో, ఏ ఉత్సవానికో, ఏ వేదిక మీది పూలదండలకో పోతాయి. ఇంతకూ సుగ్గికి పోయేది ఎవరు? తప్పెట కొట్టే మనిషే. జాతర రోజున ఆయన గుంటూరులో ఉంటాడు. ఆయన కొడుక్కు మిరపకాయ కోయడం వచ్చింది గాని దెబ్బ రాలేదు. కాబట్టి ఇది కూడా కూలి సమస్యే. ఒకని చేతిలో ఉన్న పనికి వెల కట్టమని అడగడమే.

ప్రభుత్వం ఏమీ ఇవ్వడం లేదా అంటే, ఇస్తోంది. డప్పు కళాకారుల పెన్షన్ ఉంది. 50 ఏళ్ళు నిండినవాళ్ళకు ఇస్తారు. 2024లో దాన్ని నెలకు 3 వేల నుంచి 4 వేలకు పెంచినారు. అర్హత ఉండి రాని వాళ్ళు ఎవరున్నా వెంటనే సచివాలయానికి పోయి అర్జీ పెట్టుకోండి, సిగ్గు పడాల్సిన పని లేదు. 4 వేలంటే ముసలి ప్రాణానికి మందులు, బియ్యం. దాన్ని చిన్నచూపు చూసేవాడు ఆకలి ఎరగనివాడు.

కానీ పెన్షన్ అనే మాటలోనే చిక్కు ఉంది. పెన్షన్ అంటే పని చేసి అలిసిపోయిన వాడికి ఇచ్చేది. మా ఉపాధ్యాయులకైతే ముందు జీతం ఇచ్చి, తర్వాత పెన్షన్ సంగతి చూస్తారు. తప్పెటవాడికి జీతం లేదు, నేరుగా పెన్షనే. ఇరవై ఏళ్ళ పిల్లోడు బాగా కొడతాడనుకోండి. వాడికి ప్రభుత్వం చెప్పేది ఏమిటి? ఇంకా ముప్పై ఏళ్ళు ఆగు, అప్పుడు చూస్తాం అని. ఆ ముప్పై ఏళ్ళు వాడు ఏం తినాలి? ఎవరి దగ్గర నేర్చుకోవాలి? ఎవరికి నేర్పాలి? 50 దాటినాక మాత్రమే అన్నం పెట్టే కళకు మనం చేస్తున్నది పోషణ కాదు, దినాల ఖర్చు.

కళలను రాజ్యం పోషించడం కొత్తగా మనం కనిపెట్టిన కోరిక కాదు. కూచిపూడి ఊరిని గోల్కొండ ఏలిన తానీషా అక్కడి భాగవతులకు ఇనాముగా ఇచ్చినాడని ఆ ఊరి వాళ్ళే గొప్పగా చెప్పుకుంటారు. 17వ శతాబ్దం మాట అది. సాయిబు రాజు, బ్రాహ్మల ఆట, మధ్యలో ఊరంత ఇనాము. మన రాష్ట్రంలో 1957లో సంగీత నాటక అకాడమీ పెట్టినారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మిగతా అకాడమీలతో పాటు దాన్నీ ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టింది. నాటకాల మీద, సినిమాల మీద పెరిగిన మనిషి ముఖ్యమంత్రి అయితేనే కళల సంస్థలకు ఆ గతి పట్టింది! ప్రకటనతో వచ్చింది ప్రకటనతోనే పోతుందని చెప్పడానికే ఈ పాత సంగతి.

మన కడప జిల్లాలో 1885లో సురభి అనే పల్లెలో పుట్టిన నాటక సమాజం ఈ రోజుకీ బతికి ఉంది. ఆ కుటుంబాల పట్టుదల సగం కారణమైతే, తర్వాత రోజుల్లో దొరికిన సర్కారు చేయూత సగం కారణం. వాళ్ళకు ఇచ్చినారని మనం ఏడవడం లేదు. వాళ్ళూ గుడారాలు మోసుకుని ఊరూరా తిరిగి ఎండకు ఎండినవాళ్ళే. మేము అడిగేది ఒక్కటే. పరదాలకు, రంగులకు, హార్మోనియానికి ఇవ్వచ్చునని ఒప్పుకున్న ప్రభుత్వానికి మేక తోలు కనిపించగానే చేతులు ఎందుకు ముడుచుకుపోతున్నాయి?

ఇక్కడ మన ఇంటి గుట్టు కూడా మాట్లాడుకోవాలి. తప్పెట మనకు కళగా రాలేదు. వెట్టిగా వచ్చింది. ఊర్లో ఎవరు చచ్చినా గేరికి కబురు వచ్చేది. పీనుగ ముందు కొట్టాల. దేవర ముందు కొట్టాల, కానీ గుడి మెట్టు ఎక్కకూడదు. దండోరా వేయాల, కానీ రచ్చబండ మీద కూర్చోకూడదు. ఇచ్చేది శేరు గింజలో, మిగిలిన అన్నమో. చావు దెబ్బ వేరు, పెండ్లి దెబ్బ వేరు, దేవర దెబ్బ వేరు, దండోరా దెబ్బ వేరు. ఒక్క తోలు మీద ఇన్ని మాటలు పలికించిన వాడిని ఊరు ‘ఒరే’ అనే పిలిచింది. చదువుకున్న మన పిల్లలు తప్పెటను అందుకే అసహ్యించుకున్నారు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానేయండి, కులం అంటగట్టిన నీచపు పనులు వదలండి అని పిలుపిచ్చినప్పటి నుంచి ఈ వాదన మన ఉద్యమం లోపల నడుస్తూనే ఉంది. నాయన కొట్టిన తప్పెటను అటక మీదికి విసిరేసి పుస్తకం పట్టుకున్న తరం మాది. మాలో చాలామంది మళ్ళీ దాన్ని ముట్టలేదు.

ఆ విసిరేయడం న్యాయమే. పెద్దరెడ్డి పీనుగ ముందు కొట్టమని ఈ పత్రిక ఎవరికీ చెప్పదు. కొట్టనన్న పాపానికి గేరికి పని బందు పెట్టిన ఊర్లు ఉన్నాయి. అటువంటిది ఎక్కడ జరిగినా అట్రాసిటీ కేసు పెట్టాలి. కానీ వెట్టిని పారేసే తొందరలో చేతిలోని విద్యను కూడా పారేస్తే నష్టం ఎవరికి? కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఊరూరా సభలకు జనాన్ని కదిలించినవాటిలో తప్పెట ఉంది, పాట ఉంది. అప్పుడు అది ఊరి కోసం మోగలేదు, మన కోసం మోగింది. తోలు అదే, పుల్లలు అవే, కొట్టించినవాడు మారినాడు. తప్పెటకు అంటుకున్న మైల దాని తోలులో లేదు, దాన్ని కొట్టించిన తీరులో ఉంది. ఊరి దయ మీద కొడితే వెట్టి. నెల జీతం తీసుకుని, కుర్చీలో కూర్చుని, అన్ని కులాల పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పిస్తే అది చదువు. ప్రభుత్వ డబ్బు ఎందుకు కావాలంటే ఇందుకే కావాలి. ఊరి మోతుబరి ఇచ్చే గింజల నుంచి తప్పెటను విడిపించి, చట్టం ఇచ్చే జీతం మీద నిలబెట్టాలి. 

సర్కారు పైసలు తింటే సర్కారు పాట పాడాలి గదా అని అడిగే కుర్రవాళ్ళు ఉన్నారు. ఈ అనుమానం నిజమైనది. తెలంగాణలో సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు నెల జీతాల ఉద్యోగాలు ఇచ్చినారు. దళిత బహుజన కుటుంబాల పిల్లలు మొదటిసారి పాట వల్ల జీతం చూసినారు. అది గొప్ప సంగతే. కానీ వాళ్ళ గొంతుల్లో ఎక్కువగా వినపడింది ప్రభుత్వ పథకాల పొగడ్త. ధూం ధాంలో పాలకులను నిలదీసిన గొంతే పాలకుల బండి ఎక్కి పథకాలు చాటింపు వేసింది. అది మళ్ళీ దండోరానే. వెట్టి దండోరాకు గింజలిచ్చేవాళ్ళు, దీనికి జీతం ఇచ్చినారు, అంతే తేడా. మనం అలా అడగకూడదు.

అయితే సర్కారు డబ్బుతో నడిచిన పాట ఎప్పుడూ సర్కారు చెప్పిన దారిలోనే పోతుందని కూడా అనుకోవద్దు. దీనికి మన రాష్ట్రంలోనే సాక్ష్యం ఉంది. 1990–91లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. ప్రభుత్వ డబ్బుతో కళాజాతాలు పల్లె పల్లెకూ తిరిగినాయి. పాటలు, చిన్న నాటకాలు, రాత్రి బడులు. చదువు నేర్చుకోండని చెప్పడానికి పోయినారు. ఆడవాళ్ళు రాత్రి బడిలో కూర్చున్నారు. అక్షరాలతో పాటు తమ బతుకు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టినారు. మాట్లాడుకుంటే తేలింది ఏమిటి? మొగుళ్ళ కూలంతా సారా అంగడికి పోతోందని. దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించినారు. వాళ్ళ కథ వాచకంలో పాఠమై మిగతా ఊర్లకు పాకింది. సారా వేలంపాటలు ఆగిపోయినాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేసినారు, అది వేరే కథ. మనం చూడాల్సింది ఏమంటే, ప్రభుత్వం ఒక చేత్తో కళాజాతాకు నాలుగు రాళ్ళు ఇచ్చింది, ఆ కళాజాతా లేపిన ఆడవాళ్ళు ఇంకో చేతిలోని ఎక్సైజ్ ఆదాయాన్ని ఊడగొట్టినారు. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన వాళ్ళలో కూలి చేసుకునే దళిత ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. పాటకు పెట్టిన ఖర్చు ఎంత, దాని వల్ల ఇళ్ళలో మిగిలిన కూలి ఎంత? మా లెక్కల మాస్టారు కూడా ఈ లెక్క చేయలేడు.

దూర దేశం సంగతి ఒకటి. అమెరికాలో 1930ల్లో పెద్ద కరువు వచ్చి కోట్ల మందికి పనులు పోయినప్పుడు అక్కడి ప్రభుత్వం రోడ్లు వేయించినట్టే నాటకాలూ ఆడించింది. 1935లో ఫెడరల్ థియేటర్ అని పెట్టి, పని పోయిన నటులకు వారం వారం కూలి ఇచ్చింది. నల్లవాళ్ళ కోసం విడిగా నాటక దళాలు కట్టినారు. 1936లో హార్లెమ్‌లో అందరూ నల్లవాళ్ళే నటించిన షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ చూడడానికి జనం విరగబడినారు. ఆ రోజుల్లోనే అదే ప్రభుత్వం రచయితలకు కూలి ఇచ్చి, బానిసలుగా బతికిన ముసలివాళ్ళ దగ్గరికి పంపింది. 2,300 మందికి పైగా తమ కథ తాము చెప్పుకున్నారు. 1939లో అక్కడి చట్టసభ, ఈ నాటకాల వాళ్ళంతా కమ్యూనిస్టులని గోల చేసి, థియేటరుకు డబ్బు ఆపేసింది. నాటకం ఆగిపోయింది. కానీ ఆ ముసలివాళ్ళు చెప్పిన మాటలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మన ముసలివాళ్ళ మాటలు ఏ పెట్టెలో ఉన్నాయి? జాంబవ పురాణం చెప్పే డక్కలి తాతలు, ఉరుములు కొట్టే వాళ్ళు, మాతమ్మ పాటలు వచ్చిన అవ్వలు ఒక్కొక్కరే పోతున్నారు. దగ్గర కూర్చుని రాసుకునే వాళ్ళకు ఏ పద్దులో కూలి లేదు.

అంత దూరం ఎందుకు, పక్క రాష్ట్రం చూడండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా మన ఆలూరు బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆ బళ్ళారి సీమలో దరోజి ఈరమ్మ అని ఒక బుడగ జంగం తల్లి ఉండేది. బుర్రకథ చెప్పేది. అక్షరం ముక్క రాని ఆమె నోట పెద్ద పెద్ద కావ్యాలు ఉండేవి. కర్ణాటక ప్రభుత్వం ఆమెకు 1999లో రాజ్యోత్సవ ప్రశస్తి ఇచ్చింది. హంపి కన్నడ విశ్వవిద్యాలయం ఆమె పాడిన కథలను రాయించి అచ్చు వేసింది, 2003లో ‘నాడోజ’ బిరుదు ఇచ్చింది. 2014లో ఆమె కన్నుమూసినా ఆ కథలు పుస్తకాల్లో ఉన్నాయి. అదే బుడగ జంగాలు ఇటు మన కర్నూలు, అనంతపురం దిక్కు ఊర్లలోనూ ఉన్నారు. అక్కడ ఎస్సీ జాబితాలో ఉన్న కులం, సరిహద్దు దాటితే ఆ సర్టిఫికెట్టు కోసమే ఏళ్ళ తరబడి కచేరీల చుట్టూ తిరిగింది. కథ చెప్పే నోరు ఒకటే. గీత మాత్రం ఎవరో గీసినారు.

తమిళనాడులో 2007లో జానపద కళాకారులకు సంక్షేమ బోర్డు పెట్టినారు. మన తప్పెటకు తోబుట్టువైన పరై వాయించే వేలు ఆసాన్‌కు 2025లో పద్మశ్రీ వచ్చింది. కేరళలో 2018 నుంచి వెయ్యి మంది యువ కళాకారులకు నెలనెలా ఫెలోషిప్ ఇచ్చి, పంచాయతీల ద్వారా ఊరి పిల్లలకు, పెద్దలకు ఉచితంగా కళలు నేర్పించే పథకం పెట్టినారు. ఈ కేరళ పద్ధతి మాకు అన్నింటికంటే నచ్చింది. బిరుదుల కంటే, శాలువల కంటే, నేర్పే వాడికి నెల జీతం మేలు.

బిరుదుల సంగతి అంటే దర్శనం మొగిలయ్య గుర్తుకు వస్తారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024 మేలో అదే మనిషి హైదరాబాదు శివారులో కట్టడం పనికి కూలికి పోతూ కనిపించారు. దేశమంతా అయ్యో అన్నది. కోటి ఇచ్చినారు గదా, ఏం చేసుకున్నాడు అని నీతులు చెప్పినవాళ్ళూ ఉన్నారు. ఆ నీతులు మనకు వద్దు. బిడ్డల పెండ్లిళ్ళు, రోగాలు, అప్పులు ఉన్న ఇంట్లో డబ్బు ఎలా కరుగుతుందో గేరిలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. మనం వేయాల్సిన లెక్క వేరు. కోటి రూపాయలంటే నెలకు 10 వేల చొప్పున 83 మంది గురువులకు ఏడాది జీతం. ఒక్కరికి కోటి ఇచ్చి ఫోటో దిగడం పాలకులకు సులభం. 83 మందికి నెలనెలా ఇవ్వాలంటే ఒక పద్దు కావాలి, ఒక జీవో కావాలి, దాన్ని అడిగే ఎమ్మెల్యే కావాలి. ఇంకో ముచ్చట. గద్దర్ 2023లో పోయినారు. బతికినన్నాళ్ళూ గజ్జె కట్టి ఊరూరా పాడిన మనిషి. ఆయన పేరు మీద తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే పెద్ద అవార్డులు సినిమాలకు పోతున్నాయి!

మన దగ్గర దేవరగట్టు చూడండి. దసరా రాత్రి బన్ని ఉత్సవానికి ఏటా వందల మంది పోలీసులు, కెమెరాలు, అంబులెన్సులు. తలలు పగలకుండా చూడడానికి ఖర్చు పెట్టాల్సిందే, తప్పు లేదు. కానీ అదే దేవరగట్టులో ఎలుగుబంటి తోలు టోపీ పెట్టి, డమరుకం పట్టి ఆడే గురవయ్యలకు ఏ పద్దులో ఏముంది? వాళ్ళు కురవ సోదరులు. ఈ అర్జీలో వాళ్ళ సంతకాలు కూడా ఉండాలని మా కోరిక. ఎస్సీ వాటా ఎస్సీలకే. దానితో పాటు బీసీ కళాకారులకు వాళ్ళ వాటా రావాలని కూడా మనమే అడగాలి. 

ఇక అడగడానికి మన చేతిలో ఉన్న ఆయుధం సంగతి. ఎస్సీ, ఎస్టీ సబ్ ప్లాన్ చట్టం 2013లో వచ్చింది. ఊరికే రాలేదు. రాష్ట్రమంతా దళిత సంఘాలు రోడ్డెక్కితే వచ్చింది. పదేళ్ళ గడువు అయిపోతుంటే 2023 జనవరిలో ఇంకో పదేళ్ళు పొడిగించినారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు దాదాపు 17 శాతం. ప్రణాళిక కింద కళలకు 100 రూపాయలు పెడితే 17 రూపాయలు మనవి. ఆ 17 కూడా ఎస్సీ మనుషులకు, ఎస్సీ కుటుంబాలకు, ఎస్సీ వాడలకు నేరుగా మేలు చేసే పనులకే పెట్టాలని చట్టంలోనే ఉంది. పట్నంలో జరిగిన సంగీత సభకు మన వాళ్ళు నలుగురు వచ్చి కూర్చున్నారని రాసి ఆ 17ను లెక్కలో చూపడం కుదరదు. చూపినారో లేదో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం ఉంది. సాంస్కృతిక శాఖకు పది రూపాయల ఫీజుతో కాగితం పెడితే 30 రోజుల్లో జవాబు చెప్పాలి. ప్రతి మండలం నుంచి ఒక చదువుకున్న పిల్లవాడో పిల్లో ఈ పని నెత్తిన వేసుకోవాలి.

మనం అడిగే మొత్తం ఏమైనా ఖజానా కూలిపోయేంత పెద్దదా? ఢిల్లీ సాంస్కృతిక శాఖ గురు శిష్య పరంపర పేరుతో గురువుకు నెలకు 15 వేలు ఇస్తుంది. అది రిజిస్టరైన సంస్థలకే, దరఖాస్తు నింపడం వచ్చిన వాళ్ళకే అందుతుంది. ఆ 15 వేలనే కొలతగా తీసుకుందాం. మన ఆరు మండలాలకు మండలానికి ఇద్దరు చొప్పున 12 మంది గురువులు. ఒకరు తప్పెటకు, ఒకరు పాటకో ఉరుముకో కథకో. ఏడాదికి 21 లక్షల 60 వేలు. ఒక మంత్రిగారి పర్యటనకు వేసే షామియానాలు, ఫ్లెక్సీలు గుర్తుకు తెచ్చుకుని ఈ లెక్క చూడండి. ఆ గురువులు బడి వదిలాక సాయంత్రం పూట నేర్పాలి. అంబేద్కర్ గురుకులాల్లో పీఈటీ మాస్టరు ఉన్నట్టే తప్పెట మాస్టరు ఉండాలి. ఎంపిక చేసే కమిటీలో సగం మంది కళాకారులే కూర్చోవాలి, అందులో ఆడవాళ్ళు ఉండాలి. ఏ పథకం గురించీ పాడాలన్న షరతు ఉండకూడదు. ఆ మాట జీవోలో రాసి ఉండాలి.

బడిలో నేర్పితే ఏమొస్తుంది అంటారేమో. ఒక బడిలో ఆగస్టు 15కు పిల్లలు సినిమా పాటకు గంతులేస్తే చప్పట్లు కొట్టిన పెద్దమనుషులు, ఇద్దరు గేరి పిల్లలు తప్పెట తెస్తే “ఇది చావుదిరా, బయట పెట్టండి” అన్నారు. ఆ పిల్లలు దాన్ని గోడ వెనక పెట్టి వచ్చి వెనక వరసలో నిలబడినారు. పాఠ్యపుస్తకంలో అంటరానితనం నేరమని నేనే పాఠం చెప్పాలి. అదే తప్పెటను జీతం తీసుకునే మాస్టరు పట్టుకుని బడి గేటులో నుంచి లోపలికి వస్తే, పక్కన రెడ్డిగారి పిల్లవాడు కూడా కూర్చుని దెబ్బ నేర్చుకుంటే, పదిహేడో అధికరణం గురించి నేను వేరే పాఠం చెప్పాల్సిన పని ఉండదు. బోయి భీమన్న రాసిన ‘పాలేరు’ నాటకం చూసి పాలేర్ల పిల్లలు బడి బాట పట్టిన రోజులు గోదావరి సీమలో పెద్దలు ఇంకా చెప్పుకుంటారు. 

ఎవరిని అడగాలి? ముందు మన ఎమ్మెల్యేను. 2009కి ముందు ఆలూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇప్పుడు జనరల్. గెలిచేది ఎవరైనా గేరి ఓట్లు లేకుండా గెలవరు. ఆయన చేయగలిగిన పనులు ఉన్నాయి. ప్రశ్నోత్తరాల సమయానికి నక్షత్రం గుర్తు ప్రశ్న వేయవచ్చు, మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాల్సి వస్తుంది. సాంస్కృతిక శాఖ పద్దు చర్చకు వచ్చిన రోజున కోత తీర్మానం ఇవ్వవచ్చు. అది నెగ్గదు, కానీ రికార్డులో పడుతుంది. మన అర్జీని సభలోని పిటిషన్ల కమిటీకి, ఎస్సీ సంక్షేమ కమిటీకి అందేలా చూడవచ్చు. ఆ తర్వాత రాష్ట్రంలోని 29 మంది ఎస్సీ రిజర్వుడు ఎమ్మెల్యేలకు. మన పాత ఉమ్మడి జిల్లాలోనే కోడుమూరు, నందికొట్కూరు ఉన్నాయి. 

శాసనమండలిని మరిచిపోవద్దు. 58 మందిలో 8 మందిని గవర్నరు నామినేట్ చేస్తారు. సాహిత్యం, కళలు, శాస్త్రం, సహకారోద్యమం, సంఘసేవ తెలిసినవాళ్ళకే ఆ సీట్లని రాజ్యాంగం 171వ అధికరణంలో రాసి ఉంది. 1964లో మన జాషువా ఆ సభలో కూర్చున్నారు. తర్వాత భీమన్న కూర్చున్నారు. తెలంగాణలో 2020లో గోరటి వెంకన్న పోయినారు. మన దగ్గర ఆ సీట్లు ఎక్కువగా టికెట్ దొరకని నాయకులను ఓదార్చడానికి పనికొస్తున్నాయి. తప్పెట తెలిసిన మనిషి ఒక్కరైనా ఆ సభలో ఉండాలని ఈ అర్జీలోనే ఇంకో వాక్యం రాద్దాం.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. తెలుగులోనే రాయండి. పైన 2205, 789 అని నెంబర్లు స్పష్టంగా వేయండి. కింద కళాకారుల సంతకాలు, వేలిముద్రలు, వయసు, ఏ వాద్యం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇప్పుడు ఎవరికి నేర్పుతున్నారు అనేది రాయండి. ఆ చివరి గడి చాలామంది దగ్గర ఖాళీగా ఉంటుంది. ఖాళీగానే వదిలేయండి, ఎమ్మెల్యే గారు చూడాల్సింది దాన్నే. బడ్జెట్ సమావేశాలకు నెల ముందే ఆరు మండలాల కాగితాలు ఆలూరు చేరాలి. సుగ్గికి పోయినవాళ్ళ సంతకాలు పండగకు ఇంటికి వచ్చినప్పుడే తీసుకోండి, మళ్ళీ దొరకరు.

అర్జీ ఇవ్వడానికి పోయే రోజు తప్పెటలు తీసుకుపోదామా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. వద్దు. ఇన్నేళ్ళూ నాయకుడు ఊర్లోకి వచ్చినప్పుడల్లా కారు ముందు కొట్టడానికే మనల్ని పిలిచినారు. ఆ రోజు తప్పెటలు ఇంట్లో పెట్టి, ఉతికిన బట్టలు కట్టుకుని, కాగితం పట్టుకుని పోదాం. కుర్చీలు వేయమని చెప్పి, కూర్చుని మాట్లాడదాం.